శ్రీలంక యాత్ర: ప్రణాళిక, బస ఎంపిక - పెద్దవాళ్లున్న కుటుంబాలకు వివరంగా

మన సంఘాల సమావేశాల్లో ఈమధ్య ఒక మాట తరచు వినిపిస్తోంది: "కాశీ అయింది, షిర్డీ అయింది, ఇక ఒక్కసారి సముద్రం దాటి వెళ్లివద్దాం." అలా అనుకునేవారికి మొదట తోచే దేశం శ్రీలంక. దగ్గర, ఖర్చు తక్కువ, తిండి దాదాపు మనదే. అడవులు, ఏనుగులు, తేయాకు కొండలు, సముద్రతీరం అన్నీ ఒక్క చోట ఉంటాయి. అయితే వెళ్లివచ్చిన వాళ్లలో సగం మంది "ఎంత బాగుందో" అంటే, మిగతా సగం మంది "నడుములు విరిగాయి, డబ్బు పోయింది" అంటున్నారు. తేడా ఎక్కువగా రెండు చోట్ల వస్తోంది: వెళ్లిన నెల, దిగిన బస. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండింటి గురించి. మా సంఘం తరఫున 14 మందిమి, అందులో ఎక్కువ మంది అరవై దాటినవాళ్లం, వెళ్లి వచ్చాక రాసుకున్న పద్దు పుస్తకం దీనికి ఆధారం.

దేశం గురించి నాలుగు మాటలు

శ్రీలంక వైశాల్యం సుమారు 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. జీవవైవిధ్య శాస్త్రజ్ఞులు పశ్చిమ కనుమలనూ శ్రీలంకనూ కలిపి ఒకే ప్రాంతంగా లెక్కవేస్తారు. కాబట్టి కర్ణాటక, తమిళనాడు కొండల్లో తిరిగిన మనవాళ్లకు అక్కడి చెట్టూ చేమా కొంత తెలిసినట్టే అనిపిస్తాయి. కానీ దీవి కావడం వల్ల అక్కడ తప్ప మరెక్కడా లేని జాతులు చాలా ఉన్నాయి. నైరుతి దిక్కున ఉన్న సింహరాజ అడవిలో చెట్ల జాతుల్లో సగానికి పైగా అలాంటివే. ఆ అడవిని 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. హోర్టన్ ప్లెయిన్స్, నకిల్స్ కొండలు, శ్రీపాద శిఖరం అడవి కలిసి 2010లో ఆ జాబితాలో చేరాయి.

అక్కడి గడియారం, మన గడియారం ఒక్కటే. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. సింహళం, తమిళం రెండూ అధికార భాషలు. ఉత్తరంలో, తూర్పున, తేయాకు తోటల్లో తమిళం బాగా పనికొస్తుంది. తమిళనాడు, బెంగళూరు వైపు మనవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం.

ఏ నెలలో వెళ్లాలి

చాలామంది చేసే మొదటి పొరపాటు ఇక్కడే. శ్రీలంకకు రెండు వర్షాకాలాలున్నాయి. నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబరు వరకు కొలంబో, గాలె, కొండల పడమటి వైపు తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ట్రింకోమలి, బట్టికలోవా వైపు కురుస్తాయి. ఈ రెంటికీ మధ్య అక్టోబరు, నవంబరుల్లో దాదాపు దేశమంతా వాన, పిడుగులు. కాబట్టి "శ్రీలంకకు మంచి సీజను ఏది" అన్న ప్రశ్నకు అర్థం లేదు. "శ్రీలంకలో ఏ వైపుకు" అని అడగాలి.

మన సెలవులతో కలిపి చూస్తే ఇలా ఉంటుంది:

సంక్రాంతి తర్వాత, జనవరి నుంచి మార్చి వరకు: దక్షిణ, పడమటి తీరాలు, కొండలు, సింహరాజ. మిరిస్స దగ్గర తిమింగలాలు చూసే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. పెద్దవాళ్లకు ఇదే సుఖమైన సమయం.

వేసవి సెలవులు, ఏప్రిల్, మే: దంబుల్లా, సిగిరియా, పొలొన్నరువా, తూర్పు తీరం. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరాది. దుకాణాలు మూసేస్తారు, డ్రైవర్లు సొంత ఊళ్లకు వెళ్తారు. ఆ వారం వద్దు.

ఆగస్టు, సెప్టెంబరు: మిన్నేరియా ఏనుగుల గుంపులు చూడాలంటే ఇదే అదను.

దసరా, దీపావళి: పిల్లల సెలవులు కలిసివచ్చినా, వాన కలిసిరాదు.

క్యాండీలో ఎసల పెరహెర ఉత్సవం జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. చూడదగ్గదే, కానీ ఆ పది రోజులు గదుల అద్దె బాగా పెరుగుతుంది. ప్రతి పౌర్ణమి అక్కడ 'పోయ' సెలవు దినం. ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. బౌద్ధ ఆలయాల్లో రద్దీ ఎక్కువ.

ఇంకొక మాట. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుఫాను కొండ ప్రాంతాలను చాలా దెబ్బతీసింది. కొండ రైలు మార్గం కూడా పాడైంది. మీరు వెళ్లే నాటికి ఏ రోడ్డు, ఏ రైలు నడుస్తోందో బస యజమానినే ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. పాత వీడియోలు చూసి నమ్మవద్దు.

పత్రాలు, ప్రయాణం, డబ్బు

పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. భారతీయులు ముందుగా ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మామూలుగా 30 రోజులకు ఇస్తారు. దీని ఫీజు నిబంధనలు గత కొన్నేళ్లలో పలుమార్లు మారాయి. టికెట్టు కొన్న రోజునే శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైటులో చూసి, అక్కడే దరఖాస్తు చేయండి. ప్రభుత్వ సైటులా కనిపించి అదనంగా వసూలు చేసే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే నింపాలి. ఇంటిపేరు విడిగా లేని పాస్‌పోర్టులు మన పెద్దవాళ్లలో ఎక్కువ. విమానం టికెట్టులోనూ, ఈటీఏలోనూ పేరు ఒకేలా ఉందా అని రెండుసార్లు సరిచూడండి.

విమానం చెన్నై నుంచి గంటన్నర లోపే. కోలారు, బళ్లారి వైపు వారికి బెంగళూరు, షోలాపూర్, పుణె వైపు వారికి ముంబై దగ్గర. బరంపురం, రాయగడ, యానాం వారు విశాఖ లేదా హైదరాబాద్ మీదుగా వెళ్లవచ్చు, లేదా రైల్లో చెన్నై చేరి మర్నాడు విమానం ఎక్కవచ్చు. నాగపట్నం నుంచి కంకేశన్‌తురైకి ఓడ 2023 అక్టోబరులో మొదలైంది. కానీ వాతావరణాన్ని బట్టి ఆగిపోతూ ఉంటుంది, తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

డబ్బు విషయంలో ఒక తికమక ఉంది. వాళ్లదీ రూపాయే. మన ఒక్క రూపాయికి వాళ్ల రూపాయలు ఇటీవల మూడుకు పైగా వస్తున్నాయి. "గది ఎనిమిది వేలు" అంటే ఏ రూపాయలో తప్పక అడగాలి. హోటళ్లు, అడవుల టికెట్లు డాలర్లలో చెబుతాయి. మన యూపీఐ అక్కడ 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని దుకాణాల్లో పనిచేస్తోంది. అయినా చేతిలో నగదు ఉండాలి. చారిత్రక స్థలాల్లో, అడవుల్లో సార్క్ దేశాల వారికి టికెట్టులో రాయితీ ఉంటుంది. పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు, కాబట్టి గదిలో వదిలి వెళ్లవద్దు.

మన దగ్గరే ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే, ధర మీద టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను కట్టనవసరం లేని పెన్షనర్లు కూడా ఆ ఏడాది రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. చాలామంది ఇది తెలియక వదిలేస్తున్నారు. ప్యాకేజీ ఒక్కరి పేరు మీద కొంటే టీసీఎస్ కూడా ఆ ఒక్కరి పాన్‌కే వెళ్తుంది. కాబట్టి గుంపుగా వెళ్లేవారు బిల్లు ఎవరి పేరున వస్తుందో ముందే తేల్చుకోవాలి.

బసల రకాలు

మన ఊళ్లలాగే అక్కడ కూడా రోడ్డు పక్క 'హోటల్' అన్న బోర్డు ఉంటే అది భోజనశాల అయి ఉండవచ్చు, గదులు ఉండాలని లేదు. బసలు స్థూలంగా ఇవి:

స్టార్ హోటళ్లు: లిఫ్టు, వేడినీళ్లు, బఫే, డాక్టరు పిలుపు. ఖరీదు ఎక్కువ. పెద్దవాళ్లున్న గుంపుకు రెండు మూడు రాత్రులైనా ఇవి మేలు.

గెస్ట్ హౌస్‌లు: ఐదారు నుంచి ఇరవై గదుల దాకా. యజమాని అక్కడే ఉంటాడు. శుభ్రత, మర్యాద చాలా చోట్ల బాగుంటాయి.

హోమ్‌స్టేలు: ఇంట్లో ఒకటి రెండు గదులు. ఇంటి వంట. శాకాహారులకు ఇదే నా మొదటి సిఫారసు, ఎందుకంటే వంట చేసే ఇల్లాలితోనే మాట్లాడుకోవచ్చు.

తోట బంగళాలు: తేయాకు తోటల పాత దొరల బంగళాలు. కుటుంబం అంతా కలిసి మొత్తం బంగళా తీసుకోవచ్చు. రోడ్డు మలుపులు, దూరం చూసుకోవాలి.

ఎకో లాడ్జిలు, టెంట్లు: అడవి అంచున. వీటి గురించే కింద విడిగా రాస్తున్నాను.

శ్రీలంక పర్యాటక అభివృద్ధి సంస్థ వీటన్నిటినీ రిజిస్టరు చేసి, హోటళ్లకు నక్షత్రాలు, గెస్ట్ హౌస్‌లకు తరగతులు ఇస్తుంది. బుక్ చేసే ముందు "మీ రిజిస్ట్రేషను ఉందా" అని ఒక్క ప్రశ్న వేయండి. ఉన్నవాడు వెంటనే చెబుతాడు.

'ఎకో' అన్న మాటను ఎలా పరీక్షించాలి

మా గుంపుకు తగిలిన దెబ్బ ఇక్కడే. ఫోటోల్లో కొండ వాలు మీద చెక్క కుటీరాలు, చుట్టూ పచ్చదనం. 'ఎకో లాడ్జ్' అని పేరు. మూడు రాత్రులకు మొత్తం సొమ్ము ముందే కట్టాం. వెళ్లి చూస్తే వాహనం ఆగే చోటు నుంచి గదులకు 84 మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. వేడినీళ్లు సాయంత్రం ఒక్క గంట. కరెంటు జనరేటరు మీద, రాత్రంతా దాని చప్పుడు. మర్నాడు వంటగది వెనక చూస్తే ప్లాస్టిక్ సీసాలు వాగులో పడేస్తున్నారు. మాతో వచ్చిన 71 ఏళ్ల పెద్దమ్మగారు మూడో రోజు మెట్ల మధ్యలో కూర్చుండిపోయి, "నాయనా, తిరుమల మెట్లెక్కితే పుణ్యమైనా వస్తుంది, ఈ మెట్లకు ఏం వస్తుంది?" అన్నారు. అందరం నవ్వాం గానీ, తప్పు నాదే. ఫోటోలు చూసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఆమె మోకాలికి ఊరు చేరాక నెల రోజులు వైద్యం చేయించవలసి వచ్చింది.

నిజంగా ప్రకృతిని కాపాడే బసను గుర్తుపట్టడానికి ఇవి చూడండి:

1. చెత్త ఎక్కడికి వెళ్తుంది? తడి చెత్త ఎరువు చేస్తారా? సమాధానం స్పష్టంగా ఉండాలి.

2. మురుగునీరు ఎక్కడికి? వాగుకో, చెరువుకో దగ్గర ఉన్న లాడ్జి అయితే ఇది ముఖ్యం.

3. తాగునీరు సీసాల్లో ఇస్తారా, వడగట్టి గాజు సీసాల్లో ఇస్తారా?

4. పనివాళ్లు ఆ ఊరివాళ్లేనా? కూరగాయలు ఎక్కడ కొంటారు? ఊరికి పని దొరకకపోతే ఆ అడవిని ఊరు కాపాడదు.

5. ఏనుగు స్వారీ, అడవి జంతువులకు మేత పెట్టించడం, రాత్రి దీపాలు వేసి జంతువులను చూపడం వంటివి అమ్ముతున్నారా? అమ్ముతుంటే అది ఎకో కాదు.

6. ఏదైనా ధ్రువపత్రం ఉందా? పర్యాటక సంస్థ బసలకు సుస్థిర పర్యాటక ధ్రువీకరణ ఇస్తోంది. అంతర్జాతీయ పత్రాలూ ఉన్నాయి. పత్రం పేరు, అది ఏ సంవత్సరానిదో అడగండి.

ప్రకృతిలో ఇమిడేలా కట్టడం అంటే ఏమిటో చూడాలంటే దంబుల్లా దగ్గర కందలమ హోటలు ఉదాహరణ. ప్రసిద్ధ వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపకల్పన. కొండ రాతిని పగలగొట్టకుండా దాని వెంటే కట్టి, పైన తీగలు అల్లించారు. అందులో దిగే స్తోమత అందరికీ ఉండదు, నాకూ లేదు. 'ఎకో' అంటే కుటీరం, లాంతరు, అసౌకర్యం అని అర్థం కాదని చెప్పడానికే ఈ మాట. మెట్లకు కమ్మీ కట్టినంత మాత్రాన అడవికి నష్టం లేదు.

బుక్ చేసే ముందు అడగవలసినవి

వాట్సాప్‌లో రాసి అడగండి, సమాధానాలు రాతలో ఉంటాయి.

- వాహనం ఆగే చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా? కింది అంతస్తు గది ఇస్తారా?
- వేడినీళ్లు ఏ వేళల్లో?
- మరుగుదొడ్డి పాశ్చాత్య పద్ధతిదేనా? స్నానాల గదిలో గచ్చు జారుతుందా?
- దోమతెర ఉందా? కిటికీలకు జాలీ ఉందా?
- కొండల మీద అయితే అదనపు దుప్పట్లు, హీటరు ఉన్నాయా? నువారా ఎలియా సుమారు 1,868 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరి రాత్రులు ఊటీలాగే వణికిస్తాయి. చాలా గదుల్లో హీటరు ఉండదు.
- డ్రైవరుకు గది, భోజనం ఇస్తారా? పెద్ద హోటళ్లలో ఉంటుంది, చిన్నవాటిలో ఉండకపోవచ్చు. రాత్రి కారులో పడుకున్న డ్రైవరు మర్నాడు కొండ మలుపుల్లో మిమ్మల్ని నడపాలి. ఇది దయకు సంబంధించిన విషయమే కాదు, మన భద్రత కూడా.
- దగ్గర ఆసుపత్రి ఎంత దూరం?
- ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే డబ్బు వాపసు?

ఒక నియమం పెట్టుకోండి: మూడు రాత్రులకు మొత్తం ముందే కట్టవద్దు. మొదటి రాత్రికి కట్టి, చూసి, మిగతావి కట్టండి. రద్దు వెసులుబాటు ఉన్న రేటు కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. సమీక్షలు చదివేటప్పుడు పొగడ్తలు వదిలి, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లవి చదవండి. గదిలో ఏది బాగుందో, ఏది లేదో వాళ్లే సరిగ్గా చెబుతారు.

ధర చదవడం

రేటు పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే, సర్వీసు ఛార్జీ, పన్నులు అదనం అని అర్థం. సర్వీసు ఛార్జీ 10 శాతం. వ్యాట్ 2024 జనవరి నుంచి 18 శాతం. ఒకదాని మీద ఒకటి వేస్తే 20,000 రూపాయల గది దాదాపు 26,000 అవుతుంది. కాబట్టి "అన్నీ కలిపి చివరి ధర ఎంత" అనే అడగాలి.

భోజనం లెక్క కూడా తెలుసుకోవాలి. 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అంటే ఉదయం ఫలహారం మాత్రమే. 'హాఫ్ బోర్డు' అంటే ఫలహారం, రాత్రి భోజనం. 'ఫుల్ బోర్డు'లో మూడు పూటలూ. రోజంతా బయట తిరిగేవాళ్లకు హాఫ్ బోర్డు చాలు. అడవి అంచు లాడ్జిల దగ్గర వేరే భోజనశాల ఉండదు కాబట్టి అక్కడ మాత్రం ఫుల్ బోర్డు.

అడవుల ఖర్చు విడిగా వేసుకోండి. ప్రవేశ రుసుము తలకు ఇంత, పైన గుంపుకు సేవా రుసుము, వాహన రుసుము, వ్యాట్. జీపు అద్దె మళ్లీ వేరు. గుంపు రుసుములు పంచుకుంటే తగ్గుతాయి కాబట్టి ఒక జీపుకు ఐదారుగురు కలిసి వెళ్లడం లాభం.

ఎక్కడ ఏం చూడాలి

సిగిరియా: ఐదో శతాబ్దపు కాశ్యప రాజు శిలాదుర్గం. పైకి సుమారు 1,200 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కనక్కరలేదు. కింద ఉన్న పాత ఉద్యానవనాలు, కొలనులు సమతలంగా ఉంటాయి, వాటిని చూస్తూ కూర్చోవచ్చు. ఎక్కేవాళ్లు తెల్లవారగానే వెళ్లాలి. కందిరీగల పట్లు ఉంటాయి, అరవకూడదు.

మిన్నేరియా: మహాసేన రాజు కట్టించిన చెరువు. వేసవిలో నీరు తగ్గి, చెరువు గర్భంలో గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం ఏనుగులు వందల్లో చేరతాయి. చెరువుల కింద బతికిన మన జాతికి ఇది ప్రత్యేకంగా నచ్చే దృశ్యం.

ఉడవలవే: ఏడాది పొడవునా ఏనుగులు కనిపిస్తాయి. పక్కనే తల్లిని పోగొట్టుకున్న గున్నలను పెంచి మళ్లీ అడవిలో వదిలే కేంద్రం 1995 నుంచి ఉంది. దూరం నుంచి పాలు పట్టే వేళ చూడనిస్తారు, తాకనివ్వరు. అదే దాని గొప్ప.

యాల: చిరుతలకు పేరు. కానీ జీపుల రద్దీ విపరీతం. ఎండాకాలంలో, ఎక్కువగా సెప్టెంబరు నుంచి కొన్ని వారాలు, ముఖ్య భాగం మూస్తారు. ప్రశాంతత కావాలంటే విల్పట్టు మేలు. అది దేశంలో అన్నిటికంటే పెద్ద జాతీయ వనం.

హోర్టన్ ప్లెయిన్స్: రెండు వేల మీటర్ల పైన గడ్డి మైదానం. సుమారు 9 కిలోమీటర్ల నడక. 'వరల్డ్స్ ఎండ్' లోయ మంచు కమ్మకముందే, పొద్దున్నే చూడాలి. గేటు దగ్గర పాలిథిన్ సంచులు తీసేయిస్తారు.

సింహరాజ: జలగలు ఎక్కువ. వాటికోసం ప్రత్యేకమైన మేజోళ్లు దొరుకుతాయి. గైడు లేకుండా వెళ్లకూడదు.

నువారా ఎలియా దగ్గర సీత ఎలియాలో సీతమ్మవారి గుడి ఉంది. అశోకవనం అదేనని అక్కడివారి నమ్మకం. మన ఆడవాళ్లు ఇది వదలరు, వదలనక్కర కూడా లేదు.

జీపు డ్రైవరుకు బయలుదేరే ముందే చెప్పండి: "తరమవద్దు, దగ్గరికి పోవద్దు, దొరికింది చూస్తాం." జంతువు కనిపించలేదని టిప్పు తగ్గించకండి. అలా తగ్గించడం వల్లే వాళ్లు జంతువుల మీదికి తోలుతున్నారు.

భోజనం, మర్యాద, ఆరోగ్యం

ఎర్ర బియ్యపు అన్నం, పప్పు, కొబ్బరి సంబల్, ఇడియాప్పం, ఆప్పం అన్నీ దొరుకుతాయి. శాకాహారులకు ఒక్కటే చిక్కు: ఎండబెట్టిన చేప పొడి. దాన్ని 'ఉంబలకడ' అంటారు. కొబ్బరి సంబల్‌లో, కూరల్లో చిటికెడు వేస్తారు, దాన్ని మాంసాహారంగా లెక్కించరు. "వెజిటేరియన్" అంటే చాలదు, "ఉంబలకడ ఎపా" అనాలి, అంటే అది వద్దు అని. కొలంబోలో వెల్లవత్త ప్రాంతంలో, జాఫ్నాలో శైవ భోజనశాలలు ఉన్నాయి.

ఆలయాల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చెప్పులు, టోపీ తీయాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగడం అక్కడ పెద్ద అపచారం. మన కుర్రవాళ్లకు ముందే చెప్పండి.

శ్రీలంకను 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశంగా ప్రకటించింది. కానీ డెంగీ ఉంది. పగలు కూడా దోమల మందు రాసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టుకోండి, చీటీ వెంట ఉంచుకోండి. అంబులెన్సుకు 1990, పోలీసుకు 119. ఆ 1990 సేవ 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైంది. మన 108 నడిపిన హైదరాబాదు సంస్థే దాన్ని నిలబెట్టి, మొదటి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. గుర్తుంచుకోవడానికి ఈ కథ చాలు.

అక్కడి కొత్త భవనాల్లో మన ప్లగ్గులు పట్టవు. చదరపు మూడు పిన్నుల అడాప్టరు ఒకటి తీసుకువెళ్లండి.

మనవాళ్ల జాడలు

క్యాండీకి వెళ్లే ప్రతి తెలుగు కుటుంబం ఇది తెలుసుకుని వెళ్లాలి. 1739లో క్యాండీ రాజు నరేంద్రసింహుడు వారసుడు లేకుండా చనిపోతే, మదురై వైపు నుంచి వచ్చిన ఆయన రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో సింహాసనం ఎక్కాడు. అలా మొదలైన నాయక్కర్ వంశం నలుగురు రాజులతో 1815 వరకు సాగింది. తెలుగు మూలాలున్న వంశం అది. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి, క్షీణించిన బౌద్ధ దీక్షా సంప్రదాయాన్ని మళ్లీ నిలబెట్టాడు. దంతధాతువు ముందు నడిచే నేటి పెరహెర రూపమూ ఆయన కాలానిదే. పరాయి గడ్డకు వెళ్లి, అక్కడి ధర్మాన్ని తమదిగా చేసుకుని కాపాడినవాళ్లు వాళ్లు. మీరు సాయంత్రం చుట్టూ నడిచే క్యాండీ సరస్సును 1807లో తవ్వించినవాడు ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ను పట్టుకుని వెల్లూరు కోటకు పంపారు. 1832లో అక్కడే చనిపోయాడు. సమాధి వెల్లూరులో పాలారు దగ్గర ఉంది. తమిళనాడు వారు యాత్రకు ముందో తర్వాతో ఒకసారి చూడవచ్చు, విమానం అక్కరలేదు.

రెండో జాడ రాజులది కాదు. అహికుంటకులనే సంచార జాతి శ్రీలంకలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతోంది. పాములాడించడం, కోతులాడించడం, సోది చెప్పడం వారి పాత వృత్తులు. ఇప్పుడు చాలామంది అనురాధపురం జిల్లా కుడగమ, తూర్పున అలిగంబె వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. వారి తెలుగుకు బడి లేదు, పుస్తకం లేదు. పిల్లలు సింహళంలోనో, తమిళంలోనో చదువుతున్నారు. మన పిల్లలు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదువుతున్నట్టే. వాళ్లను చూడటానికి జీపు కట్టుకుని వెళ్లమని నేను చెప్పను. వాళ్లు అడవి జంతువులు కారు. కానీ దారిలో ఎక్కడైనా తెలుగు మాట చెవిన పడితే ఆగి, పలకరించండి. "ఏ ఊరు?" అని అడగండి. ఫోటో తీసేముందు అనుమతి అడగండి.

ఎనిమిది రోజుల నమూనా

మొదటి రాత్రి నెగొంబోలో, విమానాశ్రయానికి దగ్గర. రెండు, మూడు రాత్రులు దంబుల్లా, సిగిరియా వైపు. నాలుగు, ఐదు క్యాండీలో. ఆరు, ఏడు నువారా ఎలియాలో. రైలు నడుస్తుంటే క్యాండీ నుంచి నాను ఓయా వరకు రైల్లో వెళ్లి సామాను కారులో పంపండి. రెండో తరగతి రిజర్వు పెట్టెలో కిటికీలు తెరుచుకుంటాయి, ఏసీ పెట్టెలో తెరుచుకోవు. ఎనిమిదో రోజు కొలంబో వైపు. ఆ రోజు విమానం రాత్రిదే తీసుకోండి. ఎల్ల, యాల, గాలె కూడా చూడాలంటే మరో నాలుగు రోజులు కలపాలి, ఇరికించవద్దు. అక్కడ కిలోమీటర్లు చూసి సమయం లెక్కవేయకూడదు. కొలంబో, క్యాండీ మధ్య 115 కిలోమీటర్లే అయినా మూడు నాలుగు గంటలు పడుతుంది.

మా గుంపు రెండోసారి వెళ్లినప్పుడు ఈ పద్ధతే పాటించాం. మొదటిసారి మెట్ల మీద కూర్చుండిపోయిన పెద్దమ్మగారు కూడా వచ్చారు. బుక్ చేసే ముందు మెట్ల సంఖ్య ఆవిడే యజమానిని ఫోన్‌లో అడిగారు. నాలుగు మెట్లన్నాడు. వెళ్లాక లెక్కపెట్టారు, నాలుగే.